పాత హార్డ్ డిస్కులు తుడవడం: డాక్, డిస్క్‌పార్ట్‌తో మూడేళ్ల అనుభవం

అమలాపురంలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. 2022 చివర్లో కంప్యూటర్ మార్చాను. పాతది నాలుగో తరం ఇంటెల్, విండోస్ 11కు పనికిరాదు. అందులోంచి మూడు హార్డ్ డిస్కులు మిగిలాయి: రెండు 500 జీబీవి, ఒకటి 1 టీబీ. అమ్మేద్దామనుకుంటున్నప్పుడు ఒక పెద్దాయన అడిగారు: "పాత కంప్యూటరు ఎవరికన్నా ఇచ్చేస్తున్నారాండి? మా పొలం కాగితాలు అందులోనే ఉన్నాయి కదండి."

నిజమే. ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ జూలైలో వరదకు కాగితాలు తడిసిన లంక గ్రామాల వాళ్లు కొందరు మా దగ్గరున్న పాత స్కాన్ల నుంచే కాపీలు తీసుకెళ్లారు. అందుకే ముందు ఎవరివి వాళ్లకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, తర్వాతే డిస్కులు తుడవడం, అంటే అందులోని డేటా మళ్లీ దొరక్కుండా చెరపడం మొదలుపెట్టాను.

పదిహేను వందల లోపు ఒక యూఎస్‌బీ 3.0 సాటా డాక్ (విడి హార్డ్ డిస్కును యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొన్నాను. విడిగా కరెంటు అడాప్టర్ ఉన్నదే తీసుకోవాలి. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి, ఉత్త యూఎస్‌బీ కేబుల్‌తో అది తిరగదు.

మొదట క్విక్ ఫార్మాట్ చేసి, అనుమానంతో ఫొటోరెక్ (చెరిపిన ఫైళ్లను వెతికి తెచ్చే ప్రోగ్రాం) నడిపాను. వందలకొద్దీ పీడీఎఫ్‌లు తిరిగి వచ్చేశాయి. గుండె ఝల్లుమంది. క్విక్ ఫార్మాట్‌తో పోయేది ఫైళ్ల జాబితానే, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. విండోస్‌లోనే ఉండే, కమాండ్లతో నడిచే డిస్క్‌పార్ట్‌లో "క్లీన్" కూడా అంతే, పార్టిషన్ల (డిస్కును విడగొట్టిన భాగాల) పట్టికనే తీసేస్తుంది. "క్లీన్ ఆల్" కొడితేనే డిస్కులోని ప్రతి సెక్టార్ (డేటా ఉండే చిన్న గడి) మీదా సున్నాలు రాస్తుంది. హార్డ్ డిస్కుకు అలా ఒక్కసారి రాస్తే చాలు, ఏడు సార్లు అక్కర్లేదు.

1 టీబీకి నాకు మూడున్నర గంటలు పట్టింది. ఎంత శాతం అయిందో తెరమీద ఏమీ చూపించదు, ఆగిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను. టాస్క్ మేనేజర్‌లో డిస్కు రాత వేగం చూస్తే నడుస్తోందో లేదో తెలుస్తుంది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచీ చేయాలి. మాకు వానాకాలంలో ఇది మామూలే కాబట్టి కంప్యూటర్‌నీ డాక్‌నీ రెండింటినీ ఇన్వర్టర్ మీదే పెడతాను.

నా పెద్ద తప్పు రెండో ఏడాదిలో జరిగింది. తెలిసినవాళ్ల డిస్కు తుడుస్తూ డిస్క్‌పార్ట్‌లో ఎంచుకునే డిస్కు నంబర్ పొరపడి, పెళ్లి ఆల్బమ్‌ల డిస్కు మీద "క్లీన్" కొట్టేశాను. రెండూ 1 టీబీవే, విండోస్‌లో 931 జీబీ అనే కనిపిస్తున్నాయి. వెంటనే చేతులు కట్టుకుని, డిస్కు మీద ఇంకేమీ రాయకుండా టెస్ట్‌డిస్క్ (పోయిన పార్టిషన్లు వెతికే ప్రోగ్రాం) నడిపితే పార్టిషన్ తిరిగి దొరికింది. అదే "క్లీన్ ఆల్" అయ్యుంటే రాసినంత మేరా పోయేదే. అప్పటినుంచి "సెలెక్ట్ డిస్క్" తర్వాత "డీటెయిల్ డిస్క్" కొట్టి మోడల్ పేరు చదువుతాను, మిగతా డిస్కుల కేబుళ్లు ముందే పీకేస్తాను.

మొత్తం తుడవడం డిస్కుకు పరీక్ష కూడా. ఒక 500 జీబీ డిస్కులో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్కు ఆరోగ్యం చూపే ప్రోగ్రాం) పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడానికి మొరాయిస్తున్నవి చూపించింది. సున్నాలు రాశాక అవి పోయాయి గానీ, రీఅలొకేటెడ్ లెక్క (పాడై, బదులు సెక్టార్లకు మార్చినవి) పెరిగింది. దానిలో ఇప్పుడు ప్రింటర్ డ్రైవర్లు, ఫాంట్లు తప్ప ఇంకేమీ పెట్టడం లేదు.

పార్టిషన్ల విషయంలో నా పాత అలవాటు మానేశాను. సీ, డీ, ఈ అని ముక్కలు చేస్తే ఒకటి నిండిపోయి, మరొకటి ఖాళీగా ఉండేది. ఇప్పుడు జీపీటీకి (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) మార్చి, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఒకే పార్టిషన్ పెడుతున్నాను. పాత విండోస్ డిస్కులోని ఈఎఫ్‌ఐ పార్టిషన్ (కంప్యూటర్ ఆన్ అవడానికి కావాల్సిన ఫైళ్లుండే చిన్న భాగం) విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిలీట్ అవదు, దానికీ డిస్క్‌పార్టే దారి.

ఎస్‌ఎస్‌డీలకు ఈ పద్ధతి వాడను. వాటికి తయారీ కంపెనీ టూల్‌లో ఉండే సెక్యూర్ ఎరేజ్ సరైనది. డాక్ మాత్రం మూడేళ్లుగా బాగానే పనిచేస్తోంది, అడాప్టర్ ఒక్కసారి మార్చాను.