షిల్లింగు పెట్టి కొన్న చేపనూనె, మా హెల్త్ విజిటరు

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఓ మిల్లు ఊళ్ళో 1962 నుంచి పన్నెండేళ్ళున్నాం, ఇద్దరు పిల్లలూ అక్కడి కౌన్సిల్ (మునిసిపాలిటీ లాంటిది) వాళ్ళ బేబీ క్లినిక్‌ చేతుల్లోనే పెరిగారు. తూకం, కార్డు, పంచదార బిళ్ళ మీద పోలియో చుక్క, ఇవన్నీ అక్కడున్నోళ్ళకి తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు చెప్పాలనున్నది పసిపిల్లల్ని చూడ్డానికి కౌన్సిల్ తరఫున ఇంటికొచ్చే నర్సు, హెల్త్ విజిటరు గురించి.

పెద్దాడు 1963 జనవరిలో పుట్టాడు, ఆ చలికాలం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయి, మావారు హాస్పిటల్ డ్యూటీ అంటూ ఎప్పుడో కనపడేవారు, అమ్మేమో బాపట్లలో. మిడ్‌వైఫ్ రావడం మానేశాక ఇంక దిక్కెవరూ అని ఏడుస్తుంటే ఓ పొద్దున ఆ మంచులో నడుచుకుంటూ వచ్చేసిందావిడ, పైసా ఫీజు లేదు. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని "ముందు నువ్వు టీ తాగు లవ్" అంది. నాలుగ్గంటలకోసారే పాలివ్వమనీ, పిల్లాణ్ణి ప్రామ్ (తోపుడు బండి)లో పడుకోబెట్టి చలిలో బయట పెట్టమనీ చెప్పేది, అవి నేను విన్లేదనుకోండి.

క్లినిక్‌లో నేషనల్ డ్రైడ్ మిల్క్ అనే సర్కారు డబ్బా పాలపొడి, ఆరెంజ్ జ్యూస్, విటమిన్ డి కోసం కాడ్ లివర్ ఆయిల్ అనే చేపనూనె ఇచ్చేవాళ్ళు. 1961లో సర్కారు సబ్సిడీ తీసేశాక నూనె సీసా షిల్లింగు (అప్పటి ఇంగ్లీషు నాణెం). మేం చేప ముట్టం, ఆ మాట ఆవిడతో అనడానికి మొహమాటం. అందుకని కొనేదాన్ని, బీరువాలో దాచేదాన్ని, "ఇస్తున్నావా" అంటే "ఆ, ఇస్తున్నా" అనేదాన్ని.

చిన్నది 1965లో పుట్టింది. డబ్బా పాలు తాగినన్నాళ్ళూ బానే ఉంది, అందులో విటమిన్ డి కలిపేవాళ్ళు. (ఆ ఖాళీ డబ్బాల్లో కందిపప్పు పోసుకునేదాన్ని.) గుమ్మంలో పెట్టే సీసా పాలకి మారాక, రెండో ఏడు నడుస్తుంటే చూస్తే దొడ్డికాళ్ళు! ఎక్స్‌రే తీసి రికెట్స్ అన్నారు, విటమిన్ డి చాలక ఎముకలు మెత్తబడి వంగే జబ్బు. డాక్టరు పెళ్ళాన్ని, సిగ్గుతో చచ్చిపోయా, ఆ డాక్టరుగారికీ కనపడలేదు మరి. నా కోపమల్లా ఏంటంటే, తూకం ప్రతిసారీ బాగుందన్నారే గానీ ఇంట్లో ఏం తింటోంది, ఎండ తగుల్తోందా అని క్లినిక్‌లో ఒక్కరూ అడగలేదు. పైన పొగిడిన ఆవిడ కూడా.

ఆవిడొచ్చినప్పుడు బీరువా తెరిచి చూపించా, పదకొండు సీసాలు, మూత కూడా తియ్యనివి. తిడుతుందనుకున్నా. లెక్కపెట్టి కాసేపు ఊరుకుని "నేనే అడగాల్సింది" అంది. విటమిన్ డి మందు వాడాం, రెండేళ్ళకి కాళ్ళు సర్దుకున్నాయి. తర్వాత మా వీధిలోకి వచ్చిన గుజరాతీ అమ్మాయిని మాత్రం మొదటి రోజే "మీరు చేప తింటారా" అని అడిగిందట.

బళ్ళో ఉచితంగా ఇచ్చే పాలు 1971లో ఏడేళ్ళు దాటినోళ్ళకి ఆపేస్తే పెద్దాడికి పోయాయి, చిన్నది తాగుతూ వాణ్ణి ఏడిపించేది, అది వేరే కథ.

ఆ క్లినిక్‌కి అయిదు మార్కులకి నాలుగిస్తా. అమ్మ పక్కనుంటే మూడే ఇచ్చేదాన్నేమో, చేప తినే ఇంట్లో పుట్టుంటే అయిదూ ఇచ్చేదాన్నేమో. 1974లో ఈ పని కౌన్సిళ్ళ నుంచి తీసి దేశమంతటికీ ఉన్న సర్కారు వైద్యసంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌కి ఇచ్చేశారు, అప్పటికి మేం హైదరాబాద్ వచ్చేశాం, కాబట్టి ఆ తర్వాతి క్లినిక్‌ల గురించి నన్నడక్కండి.