సూపర్ గ్లూ త్వరగా గట్టిపడాలంటే ఏది మేలు: వంట సోడానా, నోటి ఆవిరా?

ఫెవిక్విక్ లాంటి జిగురు వేసి, ముక్కను తెచ్చి ఎండలో పెట్టేవాళ్లు చాలామంది. ఫ్యాను కింద పెట్టేవాళ్లూ ఉన్నారు. దానికి కావలసింది ఎండా కాదు, గాలీ కాదు, తడి. ఆ జిగురులోని సయనోఅక్రిలేట్‌కు కాస్త తేమ గానీ క్షారం గానీ తగిలితే చాలు, అణువులు గొలుసుకట్టుగా అల్లుకుని గట్టిపడతాయి. ఆమ్లం తగిలితే ఆ పని నెమ్మదిస్తుంది. సీసాలోనే గడ్డకట్టకుండా తయారీదారులు చిటికెడు ఆమ్లం కలిపేది అందుకే. చెక్కలోనూ సహజంగా ఆమ్లం ఉంటుంది, దాని మీద జిగురు ఆలస్యంగా గట్టిపడడానికి చాలావరకు కారణం అదే.

ఇంట్లో చేయగలిగిన ఉపాయాల్లో అన్నిటికంటే తేలికైనది నోటితో ఊదడం. ఒక ముక్కకు పలుచగా జిగురు రాసి, రెండో ముక్క మీద నోరు తెరిచి వెచ్చగా ఊది, వెంటనే నొక్కి పట్టుకోవాలి. పింగాణీ కప్పు రెండుగా పగిలి అంచులు చక్కగా కలుస్తుంటే ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. విశాఖ లాంటి తేమ ఊళ్లలో ఆ ఊదడం కూడా అనవసరమే. మే నెలలో అనంతపురం వడగాడ్పుల్లో మాత్రం తేడా తెలుస్తుంది. అలాగని నీళ్లు చల్లితే పైన తెల్లటి పొర కట్టి, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

వంట సోడా కథ వేరు. రిమోట్ బ్యాటరీ మూతకు ఉండే చిన్న కొక్కెం విరిగి ఎక్కడో పడిపోయిందనుకోండి. అతికించడానికి ముక్కే లేదు. అక్కడ సోడాను చిన్న కుప్పగా పోసి, దాని మీద ఒక్క చుక్క వేస్తే పొడి దాన్ని పీల్చుకుని, సన్నగా పొగ చిమ్మి, క్షణాల్లో రాయిలా బిగుసుకుంటుంది. మళ్లీ పొడి, మళ్లీ చుక్క. చాలినంత ఎత్తు వచ్చాక ఆకురాయితో అరగదీస్తే కొత్త కొక్కెం సిద్ధం. గిటారు తీగ కూర్చునే గాడి అరిగిపోతే పూడ్చుకునే పద్ధతీ ఇదే. అయితే ఇది పెళుసు, వంచితే విరుగుతుంది. పొడి కలిసినచోట రంగు తెల్లగా, గరుకుగా కనిపిస్తుంది. అంచులు సరిగ్గా కలిసే అతుకుకు దీన్ని వాడితే ముక్కల మధ్య పొడి ఇరుక్కుని అతుకు పాడవుతుంది.

సోడా కలిపిన నీళ్లు ఒక అంచుకు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, రెండో అంచుకు జిగురు రాసి అతికించే మధ్యేమార్గం ఒకటుంది. వేగం బాగుంటుంది, కానీ వంకరగా పడితే సర్దుకునే వ్యవధి ఉండదు. నా ఓటు దీనికి లేదు.

కట్టెల బూడిదలోనూ క్షారం ఉంది కాబట్టి అదీ పనిచేస్తుంది. నల్లగా, మురికిగా తయారవుతుంది, అంతే. వంటింట్లో సోడా ఉండగా బూడిద జోలికి పోవడం ఎందుకు? బేకింగ్ పౌడర్‌ను మాత్రం సోడా అనుకోకండి. అందులో ఆమ్లం, పిండి కూడా కలిసి ఉంటాయి.

జిగురును చప్పున గట్టిపరచడానికి దుకాణంలో దొరికే యాక్టివేటర్ స్ప్రే రోజూ ఇదే పనిలో ఉండే ఫ్రేములవాళ్లకూ, బొమ్మ విమానాలు కట్టేవాళ్లకూ లాభం. అందులోని ద్రావకం కొన్ని ప్లాస్టిక్కుల మెరుపును చెడగొడుతుంది కనుక ముందు కనిపించని మూల చూసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు కప్పు అతికించుకునే ఇంటికి అది దండగ ఖర్చు.

ఈ ఉపాయాల్లో ఏది పన్నినా పాలిథిన్, పాలీప్రొపిలీన్ బకెట్లూ మగ్గులూ ఈ జిగురుకు లొంగవు. కారిన జిగురును దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. నూలు తగిలితే చేయి కాలేంత వేడి పుడుతుంది. సోడా వాడేటప్పుడు కిటికీ తెరిచి, ముఖం కాస్త దూరంగా పెట్టుకోండి, ఆ పొగ కళ్లను మండిస్తుంది. గొట్టం మూతిని సోడాకు తగలనివ్వకండి, తగిలితే ఆ మూతి అక్కడికక్కడే మూసుకుపోతుంది.