జిమ్ రీవ్స్ క్రిస్మస్ రికార్డు, ఇన్నేళ్లకు మళ్లీ

డిసెంబర్ వచ్చిందంటే నల్గొండలో మా ఇంట్లో మొదట మోగేది అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్స్ గొంతే. నాన్న దగ్గర ఒక క్యాసెట్ ఉండేది, టేపు సాగిపోయి పాట మధ్యలో గొంతు ఊగేది, అయినా పండుగ అయిపోయేదాకా అదే వినేవాళ్లం. ఈసారి ఆ ఆల్బమ్, 'ట్వెల్వ్ సాంగ్స్ ఆఫ్ క్రిస్మస్', కొత్తగా వేసిన ఎల్పీ రికార్డు ఆన్‌లైన్‌లో తెప్పించాను.

1963లో వచ్చిన ఆల్బమ్ ఇది. మరుసటి ఏడాది జులైలోనే ఆయన విమాన ప్రమాదంలో పోయారు, అప్పటికి 40 ఏళ్లే.

మైకుకు బాగా దగ్గరగా నిలబడి, గొంతు పెంచకుండా, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పాడటం ఆయన పద్ధతి. క్యాసెట్‌లో నాకది ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు 'సైలెంట్ నైట్' వింటుంటే లైనుకీ లైనుకీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది, నాకైతే ఒళ్లు జలదరించింది. హుషారు పాటలు బాగానే ఉన్నాయి కానీ ఈ రికార్డు కొనాల్సింది నెమ్మది పాటల కోసమే.

అట్ట మూల నలిగి వచ్చింది, లోపలి కాగితం కవరు మరీ పలచన. మొదట్లో కాస్త చిటపట శబ్దం ఉండేది, మెత్తటి బట్టతో తుడిచాక చాలావరకు పోయింది. పాటల మాటలు కూడా అచ్చు వేసి ఉంటే అమ్మ కూడా కలిసి పాడేది.

రెండో వైపు అయిపోగానే నాన్న ఏమీ అనలేదు, లేచి వెళ్లి సూదిని మళ్లీ మొదటికి పెట్టారు.