నంది కొండ ఎక్కకుండా చుట్టి రావడం: దేవనహళ్లి లూప్ రివ్యూ

బెంగళూరులో గేర్ సైకిల్ కొన్నవాళ్ల చూపు నెల తిరక్కముందే నంది కొండ మీద పడుతుంది. 1478 మీటర్ల శిఖరం, 40 మలుపులు, ఏడెనిమిది కిలోమీటర్ల ఎక్కుడు, సగటున 5-6 శాతం వాలు. కాళ్లు అలవాటు పడకుండా వెళ్తే సగంలోనే దిగి నెట్టుకోవాలి. కొండను వదిలేసి దాని చుట్టూ ఉన్న పల్లెదారి పట్టుకుంటే కష్టం సగమవుతుంది, చూడ్డానికి మాత్రం ఎక్కువే ఉంటుంది. బెంగళూరుకు ఉత్తరాన ఉన్న దేవనహళ్లి నుంచి కారహళ్లి క్రాస్, కొండ పాదం, నంది ఊరు. అక్కణ్నుంచి ముద్దేనహళ్లికి వెళ్లొచ్చి, నంది క్రాస్ దగ్గర హైవే ఎక్కి వెనక్కి. సుమారు 55 కిలోమీటర్లు. తొక్కడానికి మూడు గంటలు, టిఫినూ గుడీ కలుపుకుంటే నాలుగున్నర. వారానికి రెండుసార్లు 20 కిలోమీటర్లు తొక్కేవాళ్లు ధైర్యంగా వెళ్లొచ్చు. 5కి 4 మార్కులు. తగ్గిన ఆ ఒక్కటీ హైవే పుణ్యం.

ముందు కారహళ్లి వైపే వెళ్లాలి. శని, ఆదివారాల్లో సూర్యోదయం చూసే జనం కార్లూ బైకులూ వేసుకుని చీకట్లోనే కొండకు పరిగెడతారు. ఆరింటికి బయల్దేరితే వాళ్లంతా అప్పటికి పైకి చేరిపోతారు, వాళ్లు దిగే వేళకు మనం కొండ పాదం దాటేసి ఉంటాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి. పొద్దున్నే అది మెల్లగా ఉన్నప్పుడే ఎదురు తొక్కేసుకుంటే మంచిది. డిసెంబరులో అయితే పొగమంచు. వెనక ఎర్ర లైటు లేకుండా కదలొద్దు.

ఈ దారిలో ఇబ్బంది పెట్టేది వాలు కాదు, రోడ్డు మీద ఉండేవి. రాగి కోతలయ్యాక రైతులు కంకులనూ, ఉలవ కట్టెనూ రోడ్డు మీదే పరుస్తారు. బండ్ల చక్రాలే నూర్పిడి చేస్తాయి. కారుకు ఏమీ కాదు. సైకిల్‌కు మాత్రం ఆ గడ్డి వెనక డిరైలర్ (చెయిన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే భాగం) చిన్న పళ్లచక్రాల్లోకి దూరి చెయిన్‌ను పట్టేస్తుంది. కింద గుంత ఉందో లేదో కూడా కనపడదు. దిగి నడవడమే మేలు. అప్పటికే చుట్టుకుంటే పెడల్ మీద బలం చూపించొద్దు, డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. పెడల్ వెనక్కి తిప్పుతూ గడ్డిని చేత్తో లాగేయాలి.

రోడ్డు అంచున పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. టైరును ఆ అంచు నుంచి ఒక అడుగు లోపలికే ఉంచుకోవాలి. పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల చుట్టూ వేలితో తడమాలి, ముల్లు విరిగి అక్కడే ఉంటుంది. అది తియ్యకపోతే రెండో ట్యూబు రెండు కిలోమీటర్లు కూడా రాదు. సన్న వాల్వు ట్యూబులైతే ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉండాలి. పంక్చర్ షాపుల కంప్రెసర్ మోటార్‌సైకిల్ వాల్వుకే పడుతుంది. కంకర టిప్పర్లు తిరిగే చోట మలుపుల్లో సన్న కంకర రాలి ఉంటుంది, బ్రేకు మలుపుకు ముందే వేసేయాలి.

అద్దె సైకిల్‌తో వచ్చేవాళ్లు తీసుకునేటప్పుడే రెండు నిమిషాలు ఆగి చూసుకోవాలి. వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పుతూ అన్నిటికంటే తేలిక గేరుకు, అంటే లోపలి పెద్ద పళ్లచక్రానికి తేవాలి. వెనక నుంచి చూస్తే డిరైలర్ చువ్వలకు ఆనుతోందా? టెంపోలో పడేసి తెచ్చిన సైకిళ్లకు ఇది మామూలు రోగం. హ్యాంగర్ లోపలికి వంగి ఉంటుంది. చదును మీద తెలియదు, మొదటి ఎక్కుడులో తేలిక గేరు వేయగానే డిరైలర్ చువ్వల్లోకి పోయి చక్రం బిగుసుకుంటుంది. అలాంటి బండి వద్దని చెప్పేయండి. గాలి కూడా చాలామంది రాయిలా కొట్టి ఇస్తారు. 35 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి 50-55 పీఎస్ఐ చాలు. అంతకు మించితే ఊరూరా ఉండే స్పీడ్ బ్రేకర్ల మీద మణికట్లు అరిగిపోతాయి.

నందిలో భోగనందీశ్వరుడి గుడి తొమ్మిదో శతాబ్దిది. అరుణాచలేశ్వరుడు పక్కనే ఇంకో గుడిలో ఉంటాడు. లోపలి కోనేరు మెట్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాదు. పెడల్‌కు బిగుసుకునే క్లీట్ బూట్లతో రాతి మీద నడిస్తే జారడం ఖాయం, ఎలాగూ బయటే విప్పాలి. ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. సమాధీ అక్కడే. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కు వరద రక్షణ పథకం వేసిచ్చింది ఆయనే కాబట్టి మనవాళ్లు ఒక పది నిమిషాలు ఆగొచ్చు. ఇంటిపేరు మోక్షగుండం కూడా మన ప్రకాశం వైపు ఊరే. నెల్లూరు దాకా వెళ్లే పెన్న పుట్టింది ఈ కొండల వరసలోనే, కానీ దారిలో నది కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. దారి తప్పితే కంగారు పడక్కర్లేదు, ఈ పల్లెల్లో తెలుగు బాగానే నడుస్తుంది.

ద్రాక్ష పందిళ్ల పక్కన పురుగుమందు కొడుతుంటే మాత్రం ఆగకుండా సాగిపోవాలి. నీళ్లు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, పల్లీ చిక్కీ నాలుగు ముక్కలు. కడుపునిండా ఇడ్లీ వడ తినేది ముద్దేనహళ్లి నుంచి తిరిగొచ్చాకే.

ఇక నంది క్రాస్ నుంచి దేవనహళ్లి దాకా హైవే. మనం పండక్కి అనంతపురం, హైదరాబాద్ వెళ్లే 44వ నంబరు రోడ్డే. రాత్రి బయల్దేరిన బస్సులు పొద్దున ఆలస్యాన్ని పూడ్చుకుంటూ దూసుకొస్తుంటాయి. సర్వీసు రోడ్డు ఉన్నంతవరకూ దాన్నే పట్టుకోవాలి. అది హైవేలో కలిసే చోట తల తిప్పి వెనక్కి చూసి, చెయ్యి చాపి, అప్పుడే కలవాలి. అక్కడ ఎదురు దిశలో వచ్చే బైకులు కూడా ఉంటాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి.