ఏథెన్స్‌లో ఒక అమ్మమ్మ సమాధిరాయి

ఏథెన్స్ వెళ్లేవారికి ముందే చెబుతున్నాను: జాతీయ పురావస్తు మ్యూజియం చూడటానికి గైడు ప్యాకేజీ తీసుకోకండి. 2024 మే నెలలో నేనూ అమ్మా మనిషికి 45 యూరోలు కట్టి మోసపోయాం. గైడు బంగారు ముఖకవచాల దగ్గర అరగంట నిలబెట్టి, సమాధి శిల్పాల గదులను నడకలోనే దాటించేశాడు. హెగెసో అనే స్త్రీ సమాధి శిల్పం దగ్గర ఒక్క నిమిషం ఆగమని బతిమాలితే గడియారం చూపించాడు. నేను అంత దూరం వెళ్లిందే దానికోసం! క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం చివరినాటి పాలరాయి అది. కుర్చీలో కూర్చున్న హెగెసో, పరిచారిక పట్టుకున్న పెట్టెలోంచి నగ తీసి చూసుకుంటూ ఉంటుంది. నగను రంగుతో చిత్రించారు కనుక అది ఎప్పుడో చెరిగిపోయింది. వేళ్లు మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నాయి. మరునాడు 12 యూరోల టికెట్ కొని ఒక్కదాన్నే వెళ్లి, ఆ గదిలో గంటన్నర గడిపాను.

అమ్మ రాలేదు. రాత్రికి 74 యూరోలు తీసుకున్న బసలో లిఫ్టు ఉందన్నారు, లేదు. మూడో అంతస్తు ఎక్కి దిగేసరికి మోకాళ్లు వాచాయి. "రాళ్ల కోసం ఇంత దూరం రావాలా?" అని మాట్లాడటం మానేసింది.

మూడో రోజు బలవంతంగా కెరామెయికోస్ అనే ప్రాచీన శ్మశానానికి తీసుకెళ్లాను. అప్పట్లో మెట్రోకు 1.20, శ్మశానం టికెట్‌కు 8 యూరోలు అయ్యాయి. లోపలి చిన్న మ్యూజియం కూడా అందులోనే. హెగెసో రాయి దొరికింది ఇక్కడే. బయట నిలబెట్టినది నకలు. క్రీస్తుపూర్వం 394లో కొరింథు యుద్ధంలో ఇరవై ఏళ్లకే పోయిన డెక్సిలియోస్ అసలు శిల్పం మ్యూజియంలో ఉంది. అందులో అతడు శత్రువు మీదికి గుర్రాన్ని లంఘింపజేస్తున్నాడు. క్రీస్తుపూర్వం 317 ప్రాంతంలో ఏథెన్స్ పాలకుడు ఫలెరోన్ డెమెట్రియస్ ఆడంబర సమాధులను నిషేధించాక ఇటువంటివి ఆగిపోయాయి, చిన్న స్తంభాలే మిగిలాయి.

ఆ మ్యూజియంలోనే అంఫారెటె అనే అమ్మమ్మ సమాధిరాయి ఉంది. ఒళ్లో పసిబిడ్డ, చేతిలో పిట్ట. పైన చెక్కిన మాటలకు అర్థం అమ్మకు చెప్పాను: మేమిద్దరం సూర్యకాంతిని చూసిన రోజుల్లో నా కూతురి బిడ్డను మోకాళ్ల మీద పెట్టుకునేదాన్ని, ఇప్పుడు చనిపోయిన నేను చనిపోయిన బిడ్డను ఎత్తుకున్నాను.

మా అక్క కొడుకును మూడేళ్లు పెంచిన మనిషి అమ్మ. చాలాసేపు కదలలేదు. తరువాత, "తల్లీ పోయి, బిడ్డా పోయి, ఆ కూతురు ఎలా బతికిందే?" అని అడిగింది.

అక్కడ నీడ తక్కువ. ఉదయం 8 గంటలకే వెళ్లండి, నీళ్లు పట్టుకెళ్లండి, గైడు వద్దు.