జిమ్ థాంప్సన్ తప్పిపోయిన అడవిలో నాలుగు గంటలు: కామెరాన్ హైలాండ్స్ గైడు నడక గురించి

మలేషియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు కామెరాన్ హైలాండ్స్ చూపిస్తానంటే, తేయాకు తోటలు తర్వాత చూద్దాం, ముందు జిమ్ థాంప్సన్ కనబడకుండా పోయిన చోటు చూపించమన్నాను. నేను అటవీ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం నల్లమలలోనే గడిచింది. అడవిలో తప్పిపోయినవారిని వెతకడమంటే ఏమిటో కాళ్లకు తెలుసు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. థాంప్సన్ అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఓఎస్ఎస్ అనే గూఢచారి సంస్థలో పనిచేసి, యుద్ధం ముగిశాక బ్యాంకాకులో స్థిరపడి, మూలనపడుతున్న థాయ్ పట్టు నేతకు ప్రపంచమంతా గిరాకీ తెచ్చాడు. 1967 మార్చి 26, ఈస్టర్ ఆదివారం. అరవై ఒకటో ఏడు నిండి అయిదు రోజులే అయింది. స్నేహితులతో కలిసి కామెరాన్ హైలాండ్స్‌లోని మూన్‌లైట్ బంగళాలో దిగాడు. ఉదయం చర్చికి, ఆ తర్వాత కొండ మీద పిక్నిక్కుకు వెళ్లివచ్చి మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. గదిలో ఉన్నవారికి బయట అడుగుల చప్పుడు వినిపించింది. కోటు కుర్చీ మీదే ఉంది, సిగరెట్లూ లైటరూ అక్కడే ఉన్నాయి. మనిషి తిరిగి రాలేదు. ఇప్పటికీ జాడ లేదు.

మొదటి రోజు అక్కడి తానా రాతా అనే ఊళ్లో ఒక సంస్థవారి వ్యాను టూరు తీసుకుని డబ్బు పోగొట్టుకున్నాం. కరపత్రంలో థాంప్సన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. తీరా బంగళా రోడ్డు దగ్గర అయిదు నిమిషాలు ఆపి, పులి తినేసిందని కళ్లారా చూసినట్టు చెప్పి, స్ట్రాబెర్రీ దుకాణానికి తీసుకుపోయారు. పులి పడితే ఈడ్చిన చార ఉంటుంది, నెత్తురుంటుంది, చిరిగిన గుడ్డ ఉంటుంది. వందలమంది వెతికితే అందులో ఒక్కటీ దొరకలేదు. తప్పిపోయినవాడికీ ఒక ఇల్లు ఉంటుంది, ఎదురుచూసే తోబుట్టువులు ఉంటారు. అతని చావును అంత తేలిగ్గా చెప్పేయడం నాకు కష్టంగా అనిపించింది.

రెండో రోజు దొరికిన గైడు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నలభై దాటిన తమిళుడు. ముత్తాత తేయాకు తోటలో కూలీగా వచ్చాడట. మనిషికి అరవై రింగిట్లు, నాలుగు గంటల నడక, ఆరుగురికి మించి తీసుకువెళ్లడు. చిత్తూరు వైపు పనిచేసినప్పుడు అబ్బిన తమిళం నాకు పనికొచ్చింది. బయలుదేరే ముందు మా పేర్లు, వెళ్లే దారి, తిరిగివచ్చే సమయం ఒక నోటుపుస్తకంలో రాసి, ఆ కాగితం చించి టీకొట్టు ఆవిడ చేతికిచ్చాడు. అది చూడగానే నాకు సగం నమ్మకం కుదిరింది.

దారిలో ఒకచోట ఆగి నన్ను బాట దిగి పది అడుగులు లోపలికి వెళ్లమన్నాడు. లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. ఏడో అడుగుకు పేము ముళ్లు చొక్కా పట్టుకున్నాయి. విడిపించుకుని వెనక్కి తిరిగితే బాట లేదు, మా ఆవిడ ఎర్ర శాలువా లేదు. అంతా తడి ఆకులు, నాచు పట్టిన మొదళ్లు. "అయ్యా!" అని పిలిచాడు. ఎడమ పక్క నుంచి పిలిచాడనుకుని అటు కదిలాను. నిజానికి ఆయన నిలుచున్నది నా కుడివైపున. కాళ్ల కింద ఆకుల మెత్త ఉంది కదా అని అడుగు వేస్తే మోకాలు దాకా దిగింది. కింద నేల లేదు, వాగు గట్టుకు అడ్డంగా పేరుకున్న వేర్లు, ఆకులు మాత్రమే. ఎండాకాలం నల్లమలలో ఆకు రాలాక ఫర్లాంగు దూరం చూపు ఆనుతుంది. ఇక్కడ చెయ్యి చాచినంత మేర.

అప్పుడు గైడు ఒక్కొక్క వాదనా చెప్పాడు. ఎత్తుకుపోయారా? అయితే డబ్బు అడుగుతూ నమ్మదగిన కబురు ఒక్కటైనా రావాలి, రాలేదు. లారీ గుద్ది, భయపడి పాతిపెట్టారా? చెప్పినవాళ్లున్నారు, చూపించినవాళ్లు లేరు. పాత గూఢచారి పని మీద తానే వెళ్లిపోయాడా? మందులు కూడా తీసుకోకుండానా? పీటర్ హర్కోస్ అనే డచ్చి మనిషి దివ్యదృష్టితో చూసి కంబోడియాకు తీసుకుపోయారన్నాడట. ఆ సోదె మాటను కూడా గైడు వెటకారం లేకుండా చెప్పాడు.

నేను మాత్రం అడవే మింగిందంటాను. ముందురోజే థాంప్సన్ ఆతిథేయుడితో నడకకు వెళ్లి దారి తప్పాడట. మర్నాడు ఆ దారి సంగతి తేల్చుకుందామని ఒంటరిగా వెళ్లి, నా కాలు దిగినట్టే ఏ లోయలోనో దిగబడి ఉంటాడు. గైడు ఒప్పుకోలేదు. ఇక్కడి ఒరాంగ్ అస్లీ ఆదివాసులతో ఏళ్ల తరబడి పనిచేసిన రిచర్డ్ నూన్ వచ్చి వెతికి, మనిషి ఈ అడవిలో లేడని తేల్చాడని గుర్తుచేశాడు. మాకు నల్లమలలో చెంచులెలాగో ఇక్కడ ఒరాంగ్ అస్లీలు అలాగ, వాళ్ల కన్ను ఏదీ తప్పించుకోలేదని గైడు నమ్మకం. ఆ మాటకు విలువ ఇవ్వాల్సిందే. అయినా 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలలో కనబడకుండా పోయినప్పుడు వెతికినవారిలో నేనూ ఉన్నాను. పైన విమానాలు తిరిగినా మరునాటి ఉదయం దాకా పావురాలగుట్ట మీద శకలాలు కంటబడలేదు. అంత పెద్ద యంత్రమే దాగింది. ఇది అంతకంటే చిక్కటి అడవి, పోయింది ఒక్క మనిషి.

మా ఆవిడది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఆమె అడిగింది వేరు: ఆయన పోయాక ఆ నేతగాళ్లు ఏమయ్యారు? బ్యాంకాకులో థాంప్సన్ ఇంటికి ఎదురుగా, కాలువ అవతల బాన్ క్రువాలో వాళ్లు ఇళ్లలోనే నేసేవారని, ఆయన పోయినా కంపెనీ ఆగలేదని గైడు చెప్పాడు. ఈ ప్రశ్న ఇంతవరకు తనను ఎవరూ అడగలేదన్నాడు.

వెళ్లేవారు గమనించాల్సినవి: బంగళా లోపలికి ఈ నడకలో తీసుకువెళ్లరు, రోడ్డు నుంచి చూడటమే. జలగలుంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. బూట్లు పట్టున్నవి కావాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆఖరి ఎక్కుడు కష్టం, ఆ సంగతి గైడు ముందే చెబితే బాగుండేది. మా ఆవిడ చాలా ఇబ్బంది పడింది.

మేం అరగంట ఆలస్యంగా దిగాం. టీకొట్టు ఆవిడ బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడి ఉంది, చేతిలో మా పేర్ల కాగితం. ముగ్గురినీ వేలితో లెక్కపెట్టుకుని, మా పేర్లు ఒక్కొక్కటే కొట్టేసి, అప్పుడు పాలు పొయ్యి మీద పెట్టింది.