14566 హెల్ప్‌లైన్: గోదావరి డెల్టా దళిత పేటల్లో దీన్ని ఎలా వాడుకోవాలి

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదుల కోసం కేంద్రం 2021 డిసెంబరులో మొదలుపెట్టిన ఈ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. కాల్ ఉచితం, తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఈ సేవకి మేమిచ్చేది ఐదు మార్కులకి మూడు. అయినా తప్పకుండా ఫోన్ చెయ్యండి.

ఎందుకంటే ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైన నంబరు) ఇస్తారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టే అట్రాసిటీ కేసులో ముద్దాయి తరఫు లాయరు ముందు పట్టుకునేది ఆలస్యాన్నే: "ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడు కల్పించి చెబుతున్నారు" అంటారు. జరిగిన రోజే ఫోన్ చేసి, ఆ నంబరూ తేదీ వేళా రాసి ఉంచుకుంటే ఆ వాదనకు జవాబు మీ చేతిలో ఉన్నట్టే.

రెండు మార్కులు తగ్గించడానికి మొదటి కారణం: ఫోనెత్తిన వాళ్లు కేసు కట్టలేరు. అది స్టేషను పని, అదే రోజు అక్కడికీ వెళ్లాలి. నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, కాపీ ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టం కింద చేసిన 1995 నియమాల్లో 5వ నియమం. "ముందు విచారిస్తాం, పెద్దల్ని పిలిపిస్తాం" అంటే, చట్టంలో 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని చెప్పండి. అప్పటికీ తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

రెండో కారణం ఇంకా పెద్దది: కేసు నిలబడేదీ పడిపోయేదీ ఫిర్యాదు రాతలోనే, ఆ సాయం ఫోనులో దొరకదు. "కులం పేరుతో దూషించారు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. అన్న మాటలు ఎంత చెడ్డవైనా ఉన్నవి ఉన్నట్టు రాయాలి. ఎవరన్నారు, ఎక్కడ, ఎవరు విన్నారు? కాలవగట్టు టీకొట్టు దగ్గరైతే అక్కడున్న వాళ్ల పేర్లు ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగిన దూషణ ఈ చట్టంలోని కుల దూషణ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కుల ధ్రువీకరణ పత్రం మొదటే జత చెయ్యండి. దానికోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే డీఎస్పీ అరవై రోజుల్లో పూర్తి చెయ్యాల్సిన దర్యాప్తు సాగుతూనే ఉంటుంది.

మన వైపు రాతలో ఎక్కువగా దెబ్బతినేది వెలి కేసు. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితుల్ని వెలివేసిన సంగతి మనకు తెలిసిందే. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ 2016 జనవరి నుంచి ఈ చట్టంలోని 3(1)(జెడ్‌సీ) సెక్షన్ కింద నేరం. కానీ వెలివేసినట్టు కాగితం ఎవరూ ఇవ్వరు. ఊడ్పులకి పిలవడం మానేస్తారు, రొయ్యల చెరువు కాపలా పని తీసేస్తారు, కౌలు చేలు వెనక్కి లాక్కుంటారు, కొట్లో సరుకు లేదంటారు. కాబట్టి ఎవరికి ఏ తేదీ నుంచి ఏ పని ఆగింది, అంతకుముందు ఎన్నేళ్లు చేశారు, రోజు కూలి ఎంత అని కుటుంబాల వారీగా పట్టిక రాయండి. మేస్త్రి ఫోను మాటలు, వాట్సాప్ మెసేజీలు చెరిపేయకండి. ఈ నేరానికి లక్ష రూపాయల పరిహారం, చార్జిషీటు కోర్టుకి పంపగానే మొత్తం రావాలి. ఆగిన సేవలు ప్రభుత్వమే తన ఖర్చుతో తిరిగి అందేలా చూడాలి. ఈ రెండోది అడిగేవాళ్లు తక్కువ, కలెక్టరుకి విడిగా అర్జీ పెట్టండి.

దూషణ కేసులోనూ లక్షే, అది విడతలుగా వస్తుంది: ఎఫ్ఐఆర్ దగ్గర పాతిక శాతం, చార్జిషీటుకి యాభై, శిక్ష పడ్డాక మిగిలింది.

కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు మీద నమ్మకం లేకపోతే వేరే సీనియర్ లాయర్ని పెట్టమని 4వ నియమం కింద కలెక్టర్ని అడగవచ్చు. ముద్దాయి బెయిలు అడిగినప్పుడు కోర్టు మీ మాట కూడా వినాలి, అది చట్టంలోని 15ఏ సెక్షన్ మీకిచ్చిన హక్కు.

చర్చికి వెళ్లే కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధులకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి ఈ చట్టం వర్తించదని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. దెబ్బ అదే, తిట్టు అదే, రక్షణ మాత్రం లేదు. ఈ అన్యాయం చట్టం మారితేనే పోతుంది. బీసీ-సి (క్రైస్తవంలోకి మారిన ఎస్సీల వర్గం) సర్టిఫికెట్ ఉన్నవాళ్లు భారతీయ న్యాయ సంహితలో 115 (కొట్టడం), 351 (బెదిరింపు), 352 (కావాలని అవమానించడం) సెక్షన్ల కింద కేసు పెట్టి, ఉచిత లాయరు కోసం 15100కి ఫోన్ చెయ్యాలి. రాజమహేంద్రవరం, ఏలూరు జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థకి నేరుగా వెళ్లినా సరే. ఆడవాళ్లకి ఆదాయ పరిమితి లేదు కనుక ఇంట్లో ఆమే బాధితురాలైతే అర్జీ ఆమె పేరునే పెట్టండి.